కూర్చుని తీసిన కారు ఫొటో

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునదేమనగా, తెల్లాపూర్‌లోని మా సరోవర్ శిఖర నివాసుల సంఘం, కార్లు కడిగే సిబ్బందికి ఫొటోగ్రఫీలో ఉచిత శిక్షణ ఇప్పించిన తొలి సంఘంగా తనను తాను గుర్తించుకుంది. గుర్తించడానికి వేరే ఎవరూ ముందుకు రాకపోవడంతో ఆ భారం కూడా సంఘమే మోసింది. ఈ ఘట్టానికి దారితీసిన పరిస్థితులను భావితరాల కోసం నమోదు చేయవలసిందిగా అధ్యక్షులు యజ్ఞనారాయణ గారు నన్ను ఆదేశించారు. నేను సంఘానికి సంయుక్త కార్యదర్శిని. పేరులో ఉన్న సరోవరం ఎక్కడుందని మాత్రం అడగకండి. దాని మీద ఉపసంఘం పనిచేస్తోంది.

అన్నిటికీ మూలం సి బ్లాకు ఉదయ్ భాస్కర్ గారి కారు. ఆయనకు రాయదుర్గం మెట్రో స్టేషన్ పక్కన ఒక పెద్ద కంపెనీలో అంతకంటే పెద్ద ఉద్యోగం. నూట నలభై మంది ఆయన కింద పనిచేస్తారు. తమకేం కావాలో తామే చెప్పలేని విదేశీ క్లయింట్ల వల్ల తన జుట్టు రాలిపోయిందని ప్రతి మీటింగులోనూ వాపోతారు. ఆర్నెల్ల కిందట నల్లటి పెద్ద కారు కొన్నారు. ఆఫీసుకు మాత్రం కంపెనీ క్యాబులోనే వెళతారు. ఈ ట్రాఫిక్‌లోకి తీస్తే కారు పాడైపోతుందని ఆయన నమ్మకం. అందుచేత ఆ కారు సెల్లారులో ర్యాంపు పక్కన, వాళ్ళమ్మగారు పుణ్యవతమ్మ అమావాస్య అమావాస్యకూ మార్చి కట్టే నిమ్మకాయ, పచ్చిమిరపకాయలతో సుఖంగా కాలక్షేపం చేస్తోంది.

ఇంత మంచి కారుకు ఒక్క మంచి ఫొటో కూడా లేదే అన్న దిగులు ఆయనకు పట్టుకుంది. ఆ దిగులు తీర్చడానికి చైతన్య దొరికాడు. చైతన్య ఆయనకు స్నేహితుడు కాడు, చుట్టమూ కాడు. అదే కంపెనీలో ఇంజనీరు, లిఫ్టులో ముఖపరిచయం. టీములన్నీ భోజనాలకు వెళ్ళినప్పుడు అందరినీ వరసగా నిలబెట్టి ఫొటో తీసేది అతనే. లదాఖ్ వెళదామని కెమెరా కొన్నాడు. అది ఇంతవరకు పుప్పాలగూడ దాటలేదు.

అతనికున్న అసలు అర్హత వేరు. అతను బెంచి మీద ఉన్నాడు. అంటే కంపెనీలో ఉద్యోగం ఉంది, పని లేదు. రోజూ వచ్చి, కార్డు చూపించి, లోపల కూర్చుని, ఏ ప్రాజెక్టయినా తీసుకుంటుందేమోనని ఎదురుచూడాలి. అరవయ్యో రోజుకు కూడా ఎవరూ తీసుకోకపోతే ఆ కార్డుకు గేటు తెరుచుకోదు. లిఫ్టులో ఉదయ్ భాస్కర్ గారు పలకరించేసరికి చైతన్యకు నలభై ఒకటో రోజు నడుస్తోంది.

"కెమెరా చైతన్యవి నువ్వే కదూ? నా కారుకి రెండు మంచి ఫొటోలు తియ్యాలయ్యా. అన్నట్టు మా కొత్త ప్రాజెక్టులో ఒక ఖాళీ ఉందిలే, తర్వాత మాట్లాడదాం."

ఈ రెండు మాటలకూ సంబంధం లేదని కంపెనీ నిబంధనల్లో స్పష్టంగా ఉంది. చైతన్య నిబంధనలు చదవలేదు.

"ఎలాంటి ఫొటోలు కావాలండి?"

"సింపుల్‌గా ఉండాలి. కానీ గ్రాండ్‌గా ఉండాలి. కారు కనపడాలి, కానీ కారే కనపడకూడదు. అర్థమైందిగా?"

"అర్థమైందండి." ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో అందరికీ వంటబట్టే జవాబు అదే. "ఎక్కడ పెట్టుకోడానికండి?"

"జనరల్‌గానయ్యా," అని ఉదయ్ భాస్కర్ గారు ఏడో అంతస్తులో దిగిపోయారు.

మొదటి విడతలో చైతన్య కారును రాయదుర్గం తీసుకెళ్ళి, వెనకాల అద్దాల మేడలు వచ్చేలా తొంభై ఫొటోలు తీశాడు. మర్నాడు సమీక్షా సమావేశం జరిగింది. దానికి మరో నలుగురు మేనేజర్లను కూడా పిలిచారు. బిల్డింగులు బాగా వచ్చాయని అందరూ మెచ్చుకున్నారు. ఫోనులో పాల్గొన్న అయిదో ఆయన, ఇదే ఫొటో తెల్ల కారుతో ఉందా అని అడిగాడు. ఏదో మిస్సవుతోందని ఉదయ్ భాస్కర్ గారు తేల్చారు. ఏది మిస్సవుతోందో చెప్పమని అడిగే స్థితిలో చైతన్య లేడు. అది నలభై ఆరో రోజు.

రెండో విడత మా కాలనీ వెనకాల, ఇంకా ప్లాట్లు కాని కాస్త పొలంలో. అందులో గేదె చాలా సహజంగా వచ్చింది. మూడో విడతలో కారు పరుగెడుతున్నట్టు తీయమన్నారు. సాయంత్రం ఆరింటికి గచ్చిబౌలిలో కారు పరుగెత్తించే ప్రయత్నం జరిగింది. ఆ ఫొటోలో పక్కన నడిచి వెళుతున్నవాళ్ళు మసగ్గా, వేగంగా వచ్చారు, కారు మాత్రం నిశ్చలంగా, స్పష్టంగా వచ్చింది. నాలుగో విడతకు చైతన్య తెలివి ఉపయోగించి, అందానికి అడ్డుగా ఉందని నిమ్మకాయను కంప్యూటర్లో చెరిపేశాడు. అది చూసి పుణ్యవతమ్మ గారు గుండెలు బాదుకుని, ముందు జాగ్రత్తగా అసలు కారుకు మరో రెండు నిమ్మకాయలు కట్టారు. అప్పటికి యాభై అయిదో రోజు.

"నీకు కెమెరా ఉంది చైతన్యా, ఫీల్ లేదు," అన్నారు ఉదయ్ భాస్కర్ గారు జాలిగా.

ఇక్కడ మా సాయిలు గురించి చెప్పాలి. మెదక్ వైపు మనిషి, యాభై దాటాయి. మా సంఘంలో రోజూ తెల్లవారుజామున అరవై రెండు కార్లు కడుగుతాడు. సిబ్బంది కడగకుండానే కడిగామంటున్నారని ఒకసారి అనుమానం రావడంతో, రెండేళ్ళ కిందట సంఘం ఒక తీర్మానం చేసింది. ప్రతి కారునూ కడిగాక ఫొటో తీసి యజమాని ఫోనుకు పంపాలి. ఆ తీర్మానం రాసింది నేనే. ఆనాటి నుంచి ఫొటోలు క్రమం తప్పకుండా వస్తున్నాయి. వస్తున్నాయి కాబట్టి వాటిని తెరిచి చూడాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు.

యాభై ఆరో రోజు పొద్దున్నే చైతన్య ఆఖరి ప్రయత్నంగా మా సెల్లారులోకి దిగాడు. సాయిలు అప్పుడే ఆ కారు కడిగి, గొంతుకూర్చుని చక్రం తుడుస్తున్నాడు. చైతన్య ఎదురుగా నిలబడి పది ఫొటోలు తీశాడు, పదీ చూసుకున్నాడు, కెమెరా దించేసి స్తంభానికి ఆనుకున్నాడు. సాయిలు కాసేపు చూసి ఊరుకోలేకపోయాడు.

"గట్ల నిలవడి తీస్తే బండి నెత్తి వస్తది సార్, మొకం రాదు. జర కిందికి కూసోండ్రి."

"నీకెలా తెలుసు?"

"నాకేం దెల్వది సార్. టైర్లు తుడిశినంక మల్ల లేవాల్నంటే మోకాళ్ళు వట్టుకుంటయ్. గందుకే కూసున్న కాడికెల్లే తీసి పంపుత. గిట్లయితే బండి మంచిగ, పెద్దగ కనవడ్తది." తన ఫోను చూపించాడు. తడి నేల మీద కారు నీడ, ర్యాంపు మీంచి జారిన పొద్దుటి వెలుతురు, ఎదురుగా కొండలాంటి కారు. కింద నిమ్మకాయ కూడా దర్జాగా ఉంది.

చైతన్య చాలాసేపు చూశాడు. "ఇవి ఎవరైనా చూస్తారా?"

"సూడరు సార్. గని పంపకపోతే కడగలేదంటరు."

చైతన్య తడి నేల మీద చతికిలబడ్డాడు. ప్యాంటు తడిసింది, ఫొటో కుదిరింది.

"ఇదీ!" అన్నారు ఉదయ్ భాస్కర్ గారు మధ్యాహ్నం. "మొదటి రోజు నుంచీ నేను మొత్తుకుంటున్నది ఇదే. ఇప్పటికి నీకు అర్థమైందన్నమాట." యాభై ఎనిమిదో రోజున చైతన్యను ప్రాజెక్టులోకి తీసుకున్నారు. ఫొటోను మా సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. గంట తిరక్కుండానే ఎనభై ఆరుగురు బొటనవేళ్ళు చూపించారు. ఇంతమంది కళ్ళు పడితే ఇంకేమన్నా ఉందా నాయనా అని పుణ్యవతమ్మ గారు కంగారుపడడంతో వెంటనే తీసేశారు. ఆ విధంగా పదిహేడు రోజుల కృషి యాభై నిమిషాలు వెలిగింది.

కథ అక్కడితో ఆగవలసింది. కాని ఉదయ్ భాస్కర్ గారికి ఫొటోల రుచి తగిలింది. ఆ ఊపులో, సాయిలు పంపిన ఆనాటి ఫొటోను మొట్టమొదటిసారి తెరిచారు. అదే కోణం, అదే తడి నేల, అదే వెలుతురు. నిర్ఘాంతపోయారు. చైతన్య శైలిని కార్లు కడిగేవాడు కాపీ కొడుతున్నాడని సంఘానికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశారు. ఆ ఫొటోకు పైన అలాంటివే ఆర్నెల్ల ఫొటోలు తేదీలతో సహా ఉన్నాయి. వాటిని చూడాలంటే వేలితో ఒకసారి తెరను జరపాలి. అంత శ్రమ ఎవరూ తీసుకోలేదు.

అత్యవసర సమావేశం పెట్టాం. సాయిలును పిలిచి గుమ్మం దగ్గర నిలబెట్టాం. ఇద్దరు సభ్యులు అతన్ని తీసేయాలన్నారు. సాయిలుకు తను చేసిన తప్పేమిటో తెలియలేదు గాని, చేతులు మాత్రం కట్టుకున్నాడు. ప్రత్యేక ఆహ్వానితుడిగా వచ్చిన చైతన్యను అభిప్రాయం అడిగాం. చైతన్య నోరు తెరిచాడు. ఎదురుగా ఉదయ్ భాస్కర్ గారు కూర్చున్నారు. ప్రాజెక్టులో చేరి మూడు రోజులే అయింది.

"పోనీండి సార్. తీసెయ్యొద్దు. కావాలంటే వాళ్ళకి బేసిక్స్ నేను నేర్పిస్తానండి," అన్నాడు, సాయిలు వైపు చూడకుండా.

చెప్పొద్దూ, నాకు సిగ్గేసింది. నా కారు కడిగేదీ సాయిలే. రెండేళ్ళ ఫొటోలు నా ఫోనులోనూ ఉన్నాయి, ఆ కోణం ఎవరిదో నేను తెరిచి చూపించవచ్చు. కాని ఆ సమయంలో తీర్మానం రాయాల్సిన పని ఉండడంతో, సిగ్గు సంగతి తర్వాత చూసుకుందామనుకున్నాను.

ఆదివారం క్లబ్‌హౌసులో శిక్షణ జరిగింది. నివాసులం కుర్చీల్లో, సిబ్బంది నేల మీద. "మన సిబ్బందిలో దాగి ఉన్న కళను వెలికితీసి, వారిని ప్రపంచస్థాయికి చేర్చడమే ఈ సంఘం ధ్యేయం! చూసే దృష్టి ఉంటే మట్టిలోనూ మాణిక్యాలు కనపడతాయి!" అని యజ్ఞనారాయణ గారు ముప్పావుగంట మాట్లాడారు. తర్వాత చైతన్య తెర మీద మొదటి సూత్రం చూపించాడు. నిలబడి తీయకూడదు, కూర్చుని తీయాలి. మేము కుర్చీలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టాం. ముందు వరసలో సాయిలు అప్పటికే కూర్చుని ఉన్నాడు.

అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చాం. క్లాసు ఎలా ఉందని సాయిలును అడిగాను. "మస్తు చెప్పిండు సార్. నాకు దెల్సిందే, గని ఇంగ్లీషుల ఇంటే నమ్మకం కుదురుతది," అని సర్టిఫికెట్ తడవకుండా చొక్కా లోపల పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున నా కారు ఫొటో వచ్చింది. రెండేళ్ళలో మొదటిసారి తెరిచాను. నా పాత చిన్న కారు కూడా ఎంత పెద్దమనిషిలా ఉందో! మనసు ఆగక, మెచ్చుకోలుగా ఒక బొటనవేలు గుర్తు పంపించాను.

పది నిమిషాల్లో ఎవరో తలుపు కొట్టారు. తీస్తే సాయిలు. చేతిలో తడిగుడ్డ, మనిషి వగరుస్తున్నాడు. సిబ్బంది లిఫ్టు వారం నుంచి పనిచేయడం లేదు, మాది తొమ్మిదో అంతస్తు.

"జవాబు వంపిండ్రు గద సార్," అన్నాడు మోకాళ్ళు పట్టుకుని. "ఏమైంది? బండికి గీత గిట్ల వడ్డదా?"