మావారి చెవులకు శత్రువులు లేరు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. నా పది నెలల కూతురికి ఏదైనా అయితే, పక్కనే ఉన్న మనిషికి వినబడదేమోనని. అది చెప్పేశాను కాబట్టి ఇక నిశ్చింతగా మావారి ఇయర్‌బడ్స్‌ని పొగుడుకోవచ్చు. అవి మా కాపురానికి దొరికిన వరం!

నవ్వకండి, దీని వెనక శాస్త్రం ఉంది. నా చదువు ఎనిమిదితో ఆగింది గానీ, చొక్కాల నమూనాలు పాత పత్రికల మీద కత్తిరిస్తాను కనుక రోజూ ఏదో ఒకటి చదువుతూనే ఉంటాను. మొన్న చొక్కా చేతికని కాగితం పరిస్తే దాని మీద గబ్బిలం బొమ్మ! గబ్బిలాలు మనకు వినబడని కూతలు పెట్టుకుంటూ పురుగుల్ని వేటాడతాయట. ఆ కూత విన్న పురుగు తప్పించుకుంది, విననిది పలహారమైపోయింది. అలా తరతరాలుగా పురుగులకు చెవులు వచ్చాయట. ఒకదానికి రొమ్ము మీద, ఒకదానికి పొట్ట మీద, ఇంకోదానికి రెక్క మీద! కొన్ని జాతుల్లో ఎగరని ఆడపురుగులకేమో వినికిడి తగ్గిపోయిందట. ఎగరనిదాన్ని గబ్బిలం ఎందుకు తరుముతుంది? ఆ వ్యాసంలో మిగతాది చొక్కా చంక దగ్గర కత్తెరలో పోయింది.

అర్థమైందా? చెవి ఉందంటే వెనక ఎవరో తరుముతున్నట్టు. మావారి చెవులు మూసుకున్నాయంటే ఆయన్ని తరిమేవాళ్లే లేనట్టు! ఇంతకన్నా అదృష్టవంతుడు ఉంటాడా?

నాకు మాత్రం వీపున ఒకటి, మోచేతులకు రెండు మొలిచాయి. మిషన్ తొక్కుతూనే, పక్కగదిలో పిల్ల బొటనవేలు చప్పరిస్తోందో చాప అంచు చప్పరిస్తోందో చెప్పగలను.

నిన్న మధ్యాహ్నం ఏమీ వినబడలేదు. అందుకే పరుగెత్తాను. పిల్ల నోట్లో కోటు గుండీ! నాలుక మీదే ఉంది, తీసేశాను. ఆయన బారెడు దూరంలో లాప్‌టాప్ ముందున్నారు. నా చెయ్యి తగిలి ఒక బడ్ ఊడింది.

"ఏమైందే? నన్ను పిలవొచ్చుగా!"

"మూడుసార్లు పిలిచానండీ."

"మీటింగులో ఉన్నానే తల్లీ! అయినా బుద్ధిగా ఆడుకుంటోందిగా పిల్ల!"

ఎంత ప్రశాంతతో చూశారా! ఏ మందు మింగితే వస్తుంది?

సోమవారం నుంచి నేను మళ్లీ బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి వెళ్లాలి. అక్కడ నలభై మిషన్లు ఒక్కసారిగా మోగుతాయి. నాలుగు వీధుల అవతలి నుంచి వినే చెవి నాకింకా మొలవలేదు. పదింటి నుంచి ఐదింటి దాకా పిల్ల ఆ ప్రశాంతత చేతుల్లోనే ఉంటుంది.

కాబట్టి ఒక చిన్న మనవి. మందుల షాపు పైన రెండో అంతస్తు, నీలం తలుపు. అటుగా వెళ్తే బెల్ కొట్టకండి, దండగ. తలుపు దగ్గరగా వేసే ఉంటుంది, నెట్టండి. ఆయన్ని పలకరించనక్కర్లేదు. పిల్ల నోట్లో ఏముందో ఒకసారి చూసి వెళ్లండి.