నీళ్ళు తప్పు, రికార్డు ఒప్పు

నీళ్ళ మొహం చూడకుండా నీళ్ళ శాస్త్రం చదివెయ్యడమే అసలైన చదువు!

కాదనేవాళ్ళు ఎవరైనా ఉంటే రండి, తేల్చుకుందాం. నేను ఊరికే మాట్లాడేవాణ్ణి కాదు, ఇంజనీరును. నీటి సరఫరా ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా సంతకాలు పెడుతున్నాను. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో డెబ్బై నాలుగు మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. కాలేజీలో ఉన్న నాలుగేళ్ళలో నా చెయ్యి తడిసింది క్యాంటీన్‌లో గ్లాసు కడుక్కున్నప్పుడే. అయినా నాకేం తక్కువైంది?

పాపం, పిల్లలు ఈ సబ్జెక్టును ఆడిపోసుకుంటారు. అందులోని మహత్తు వాళ్ళకు తెలియదు. పుస్తకం తెరిస్తే ప్రతి లెక్కా "అనుకుందాం" అనే మాటతోనే మొదలవుతుంది. పైపులో రాపిడి లేదనుకుందాం. నీళ్ళకు జిగట లేదనుకుందాం. ప్రవాహం ఎప్పుడూ ఒకేలా ఉందనుకుందాం. అలా అనుకుంటూ పోతే రెండు పేజీల్లో జవాబు వచ్చేస్తుంది. అనుకోకపోతే ఇరవై పేజీలు రాసినా రాదు!

ఇంత చల్లని మాట వేరే ఏ వృత్తిలోనైనా ఉందా? డాక్టరు "రోగికి జ్వరం లేదనుకుందాం" అనగలడా? వంటాయన "ఉప్పు వేశాననుకుందాం" అంటే ఎవరైనా ఊరుకుంటారా? మాకు మాత్రమే ఆ స్వేచ్ఛ ఉంది.

నా సంసారం కూడా ఆ ఒక్క మాట మీదే నడుస్తోంది. మా ఇల్లు మూడో అంతస్తులో. ఉదయం ఆరింటికి కొళాయి రెండుసార్లు దగ్గి, గుక్కెడు నీళ్ళు కక్కి, ఆ తర్వాత ఉత్త గాలి వదులుతుంది. మా ఆవిడ ఖాళీ బకెట్టు తెచ్చి నా కాళ్ళ దగ్గర పెడుతుంది.

"నీళ్ళాఫీసులో పనిచేసేవాళ్ళింట్లో ఇదండీ భాగ్యం!"

నేను ఓపిగ్గా రిజిస్టరులోని అంకె చెబుతాను. మా పంప్‌హౌస్ నుంచి గంటకు రెండు వందల ఘనపు మీటర్ల నీళ్ళు వెళ్తున్నాయి. నిన్నా అంతే, మొన్నా అంతే, తొమ్మిదేళ్ళుగా అంతే. పుస్తకంలో చెప్పిన నిలకడైన ప్రవాహం అంటే అదీ!

"అయితే ఆ రిజిస్టరు నెత్తిన గుమ్మరించుకుని స్నానం కానివ్వండి" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోతుంది. ఆవిడ చదివింది కామర్సు. శాస్త్రం గురించి ఆవిడతో వాదించి లాభం లేదు.

ఇలా హాయిగా సాగిపోతున్న శాస్త్రానికి మా అక్క కూతురి రూపంలో గండం వచ్చిపడింది.

ఆ పిల్ల ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. బుద్ధిమంతురాలే కానీ, చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. ఏదైనా చెబితే వినదు, చూస్తానంటుంది. పొయ్యి కాలుతుందని చెబితే ముట్టుకుని చూసి, "అవును, కాలుతోంది" అని చెప్పిన ఘటం. అలాంటిదాన్ని తీసుకెళ్ళి ఫ్లూయిడ్ మెకానిక్స్ ల్యాబులో పడేశారు.

ఆ ల్యాబు గురించి రెండు ముక్కలు చెప్పాలి. గోడ వెంట నీలం రంగు పైపు. దాని మధ్యలో నడుము బిగించి కట్టినట్టు సన్నబడే ఒక ముక్క. దాన్ని వెంచురీమీటర్ అంటారు. ఆ నడుము దగ్గర నీళ్ళ ఒత్తిడి ఎంత పడిపోయిందో చూస్తే, లెక్క ప్రకారం ఎన్ని నీళ్ళు పోవాలో తెలుస్తుంది. నిజంగా ఎన్ని పోయాయో చివర ట్యాంకులో పట్టి చూస్తారు. నిజాన్ని లెక్కతో భాగిస్తే ఒకటికి రవ్వంత తక్కువ రావాలి. దారిలో కొంత రాపిడికి పోతుంది కదా! పుస్తకంలో 0.97 అని ఉంటుంది. అంతే ప్రయోగం.

మరి పిల్లలు ఈ ప్రయోగం ఎలా చేస్తారు? చాలా శ్రద్ధగా చేస్తారు. ముందు మోటారు వేస్తారు. అది రొదపెడుతుంటే అందరూ బల్లల దగ్గర చేరి "తల్లి రికార్డు" తెరుస్తారు. పదకొండేళ్ళ కిందట ఎవరో మహానుభావుడు రాసిన రికార్డు అది. అట్ట ఊడిపోయింది, పేరున్న పేజీ చిరిగిపోయింది, అంకెలు మాత్రం చెక్కుచెదరలేదు. సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారుతూ వస్తోంది. నాలుగో రీడింగు పక్కన ఒక టీ మరక ఉంటుంది. ఒక ఏడాది ఒక నిష్ఠాపరుడు ఆ మరకను కూడా పెన్సిలుతో దించుకొచ్చాడట! వాడిప్పుడు ఎక్కడున్నా పెద్ద పదవిలోనే ఉండుంటాడు.

ఇందులో ఎంత మేలుందో చూడండి. టైము మిగులుతుంది. బట్టలు తడవవు. అరవై మందికీ ఒకే జవాబు వస్తుంది. అరవై మంది ఒక మాట మీద ఉండటం ఈ రోజుల్లో ఇంకెక్కడైనా చూశారా?

మా మేనకోడలు తల్లి రికార్డు పుచ్చుకోలేదు. స్టాప్‌వాచీ పుచ్చుకుంది. మోకాళ్ళ దాకా ప్యాంటు మడిచి, ట్యాంకు పక్కన కూర్చుని, నీళ్ళు ఎంత పెరిగాయో తన కళ్ళతో తనే చూసి రాసుకుంది. వచ్చిన జవాబు 1.2.

అంటే ఏమన్నమాట? లెక్క ప్రకారం పోవాల్సినవాటి కన్నా ఎక్కువ నీళ్ళు పోతున్నాయన్నమాట! దారిలో నీళ్ళు పిల్లల్ని పెడుతున్నాయన్నమాట! మళ్ళీ చేసింది. 1.19. ఇంకోసారి చేసింది. 1.21. క్లాసులో ఆ పిల్ల పేరు "వన్ పాయింట్ టూ" అయిపోయింది.

లెక్చరరు గారు రికార్డు చూసి కళ్ళజోడు తీశారు. "ఒకటి దాటి ఎలా వస్తుందమ్మా? నీ నీళ్ళు తప్పు. పాయింట్ నైన్ సెవెన్ వేసి తీసుకురా, సంతకం పెడతాను."

"నీళ్ళు తప్పెలా అవుతాయి సార్?"

"సోమవారం ఆఖరు రోజు. రికార్డు మీద సంతకం లేకపోతే హాల్ టికెట్ రాదు. హాల్ టికెట్ లేకపోతే ఏడాది పోతుంది. ఆ తర్వాత నీ ఇష్టం."

ఆ శనివారం పిల్ల మా ఇంటికొచ్చి సోఫాలో కూలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్న మేనమామగా నా ధర్మం నేను నెరవేర్చాను.

"రెండు అంకెలు మార్చడానికి ఇంత రాద్ధాంతం ఎందుకే? నేనూ పాయింట్ నైన్ సెవెనే రాశాను. ఇవాళ నన్ను చూడు!"

అది నన్ను చూసింది. నిండా ఒక నిమిషం చూసింది. తర్వాత స్నానాల గదిలో మా ఆవిడ పెట్టిన ఖాళీ బకెట్టు వంక చూసింది.

"నేను మూడుసార్లు చూశాను మామయ్యా. చూసింది కొట్టేసి, చూడనిది ఎలా రాయను?"

ఈ కాలం పిల్లల ప్రశ్నలు ఇలాగే ఉంటాయి. కాఫీ తాగుతావా అని అడిగాను.

సోమవారం జరిగింది దాని నోటి నుంచి విన్నదే. పొద్దున్నే ల్యాబుకు వెళ్ళి, ఇక నీళ్ళను వదిలేసి పైపును చూడటం మొదలుపెట్టిందట. పుస్తకంలోని బొమ్మ పక్కన పెట్టుకుని చూస్తే తేడా కనిపించింది. వెంచురీమీటర్‌కు నడుముకు ఒక పక్క పొట్టిగా, ఇంకో పక్క పొడుగ్గా ఉంటుంది. నీళ్ళు పొట్టి పక్క నుంచి ఎక్కి పొడుగు పక్కకు దిగాలి. ఇక్కడ పొడుగు పక్క నుంచి ఎక్కుతున్నాయి! తాళంచెవితో రంగు గీకింది. ఏటేటా వేసిన నీలం రంగు పొరలు పొరలుగా ఊడింది. అడుగున ఇనుము మీద పోత పోసిన బాణం గుర్తు బయటపడింది. నీళ్ళు వచ్చే వైపుకే చూస్తోంది.

మీటర్ తిరగేసి బిగించి ఉంది. పదకొండేళ్ళుగా!

పిల్ల పరుగెత్తుకెళ్ళి లెక్చరరు గారిని పిలుచుకొచ్చింది. ఆయన వంగి బాణాన్ని చూశారు. నిటారుగా నిలబడి ల్యాబు అటెండరును చూశారు. అటెండరుకు ఇంకో ఏడాదిలో రిటైర్మెంటు. ఆయన ఏమాత్రం తడుముకోలేదు.

"నేనే బిగించాను సార్. అప్పట్లో ఆ మూల బీరువా అడ్డం ఉండేది, అటు తిప్పితే గానీ పట్టలేదు. తర్వాత మార్చాలనుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. అందరికీ సరిగ్గానే వస్తోంది కదా అని ఊరుకున్నాను."

"ఎవరూ అడగలేదా?"

"మొదటి బ్యాచ్‌లో ఒక్కరు అడిగారు సార్" అన్నాడు అటెండరు. వెంటనే స్పానరు వెతుక్కోవడానికి వెళ్ళాడు.

లెక్చరరు గారు బల్ల మీదున్న తల్లి రికార్డు అందుకుని నాలుగో రీడింగు పేజీ తీశారు. టీ మరక మీద బొటనవేలు పెట్టి రుద్దారు.

"ఈ టీ నేనే ఒలకబోశానమ్మా" అన్నారు. "నాకూ ఆ రోజు వన్ పాయింట్ టూనే వచ్చింది. మా సారు అందరి ముందూ కేకలేశారు. ఆ పేజీ చించేసి ఇది రాశాను."

ఆ మాట చెబుతున్నప్పుడు మా మేనకోడలు కళ్ళు తుడుచుకుంది. విన్నప్పుడు నాకూ ఏదో అయింది. బహుశా కాఫీ వేడిగా ఉండి ఉంటుంది.

మధ్యాహ్నానికి మీటర్ తిప్పి బిగించారు. లెక్చరరు గారు తనే స్టాప్‌వాచీ పట్టుకున్నారు. పిల్ల నీళ్ళు చూసింది. జవాబు 0.96. ఆయన రికార్డు మీద తేదీ వేసి, తన పూర్తి పేరుతో సంతకం పెట్టారు. మిగిలిన యాభై తొమ్మిది మందినీ ప్రయోగం మళ్ళీ చెయ్యమన్నారు. క్లాసు రెండు రోజులు మా పిల్లతో మాట్లాడలేదు. మూడో రోజు ఒకడు తడిసిన చొక్కాతో వచ్చి, "వన్ పాయింట్ టూ, ఈ గొట్టంలో ఎత్తు ఏ అంచు దగ్గర చూడాలి?" అని అడిగాడట.

చూశారా ఎంత నష్టమో! ఒక్క పిల్ల నీళ్ళ వైపు చూసినందుకు అరవై మంది బట్టలు తడిశాయి. పదకొండేళ్ళ ఐకమత్యం చెడింది. అందుకే అంటున్నాను, చూడకుండా చదివే చదువే క్షేమమని.

హాల్ టికెట్ వచ్చిన సంతోషంలో, నిజమైన పంప్‌హౌస్ చూపించమని నా వెంట పడింది. నాకూ గర్వంగానే అనిపించింది. మొన్న తీసుకెళ్ళాను. పంపులు చూపించాను. నున్నగా తుడిచిన గచ్చు చూపించాను. గోడకున్న పెద్ద డయలు చూపించాను. ముల్లు రెండు వందల దగ్గర గుడి ధ్వజస్తంభంలా నిలబడి ఉంది. కింద బల్ల మీద రిజిస్టరు తెరిచి, వరసగా తొమ్మిదేళ్ళ రెండు వందలను చూపించాను.

"ఈ ముల్లు ఎప్పుడైనా కదిలిందా మామయ్యా?"

"అదే దాని గొప్పతనం!"

అది చెయ్యెత్తి, డయలు అద్దం మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టింది.

ముల్లు ఉలిక్కిపడింది. వణికింది. తర్వాత నిదానంగా కిందికి దిగుతూ వచ్చి నూట పది దగ్గర ఆగింది. నాకు మా ఆవిడ బకెట్టు కళ్ళ ముందు కనిపించింది. ఆ వెనకే మూడో అంతస్తుల బకెట్లన్నీ వరసగా కనిపించాయి. తొమ్మిదేళ్ళుగా ఫిర్యాదులు పట్టుకొచ్చిన ఎందరికో నేను ఆ రిజిస్టరు చూపించి, మీ కొళాయి తప్పు అని చెప్పి పంపించాను.

"ఇప్పుడేం రాయను?" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్లాడిది లాగా వినిపించింది.

అది పెన్ను మూత తీసి నా చేతికిచ్చింది. "కనిపించింది రాయి మామయ్యా."

రాశాను. ఆ ఒక్క అంకె వంకరగా వచ్చింది.

కాబట్టి పాఠకులారా, మరోసారి హెచ్చరిస్తున్నాను. మీ ఇంట్లో ఎవరైనా ఫ్లూయిడ్ మెకానిక్స్ చదువుతుంటే ల్యాబులో ఏం చేస్తున్నారో కనుక్కోండి. తల్లి రికార్డు దించుకుంటున్నారా, దిగులు లేదు. వాళ్ళను మా ఆఫీసుకు పంపండి, చాలా పైకొస్తారు. ప్యాంటు మడిచి ట్యాంకు పక్కన కూర్చుంటున్నారా, దయచేసి మా డయళ్ళ దగ్గరికి రానివ్వకండి. ఊళ్ళో ఇంకా పదహారు పంప్‌హౌసులున్నాయి. వాటిలో ముళ్ళన్నీ చాలా నిలకడగా ఉన్నాయి.

రేపు వెళ్ళి చూస్తానని ఆ పిల్ల వాటి అడ్రసులు ఇమ్మని అడిగింది. ఇచ్చేశాను.