ఈకల దిండూ, ఒంటి తుమ్మూ

ఒక పెద్ద అడవిలో జరిగిన సంగతి ఇది. ఈ మధ్య నాకు ముందుది వెనక్కీ, వెనకది ముందుకీ పోతున్నాయి. ఎక్కడైనా వరస తప్పితే సర్దుకుని చదవండి. దిండు ముందు వచ్చింది, తుమ్ము తర్వాత వచ్చింది. ఆ మాత్రం గట్టిగా గుర్తుంది.

ఆ అడవి సభకు అధ్యక్షుడు అప్పలస్వామి అనే ఎలుగుబంటి. రోజూ రాతి మీద తల పెట్టి పడుకోవడం వల్ల ఆయన మెడ ఎడమవైపే తిరిగి ఉండేది. కుడివైపు కూర్చున్నవాళ్ళ అర్జీలు ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయేవి.

సభకు కార్యదర్శి సోమలింగం అనే నక్క. అడవి అంచున ఒక బంగళా ఉంది. దాని గోడ మీద ఎండకు పెట్టిన ఈకల దిండును అతను ఒకరోజు నోట కరుచుకొచ్చి అధ్యక్షుడికి సమర్పించాడు. అప్పలస్వామి దాని మీద పడుకున్నాడు. మర్నాడు బాగా పొద్దెక్కాక లేచాడు. మెడ రెండు వైపులా తిరిగింది. కుడివైపు ఇంతమంది ఉన్నారని ఆయనకు అప్పుడే తెలిసిందిట.

ఇక సభ్యులందరికీ దిండ్లు కావలసి వచ్చాయి. అడవిపందికి అసలు మెడే లేదు, అయినా మెడనొప్పని మూలిగింది. దేనికైనా ఒక పద్ధతి ఉండాలి కాబట్టి ఈకల దిండ్ల లాభనష్టాలు పరిశీలించడానికి ఉపసంఘం వేశారు. ఎలుగుబంటి, నక్క, అడవిపంది, శకునాలు చూసే తాబేలు తాత, ఈ నలుగురే అందులో సభ్యులు. పిట్టల తరఫున ఒక్కరైనా లేరు. మమ్మల్ని కూడా వేయండని చెరువులో ఉండే నూకాలు అనే బాతు అడిగింది.

సోమలింగం మర్యాదగానే చెప్పాడు. "పక్షులకు పక్షపాతం ఉంటుందమ్మా. పేరులోనే ఉంది."

ఉపసంఘం దిండు మీద వంతులవారీగా పడుకుని, ఏడు మధ్యాహ్నాలు పరిశీలించి నివేదిక రాసింది. మెత్తగా ఉంటుంది, తేలిగ్గా ఉంటుంది, తల ఎటు తిప్పితే అటు ఒదుగుతుంది, చలికాలం చెవులు వెచ్చగా ఉంటాయి. ఇవి లాభాలు. తడిస్తే కంపు కొడుతుంది, ఎండలో వేస్తూ ఉండాలి, కుట్లలోంచి నూగు బయటికొచ్చి ముక్కులో దూరుతుంది. ఇవి నష్టాలు. తలే లోపలికి లాక్కుని పడుకునేవాణ్ణి నాకేం తెలుస్తుందని తాబేలు తాత ఏమీ రాయలేదు. ఈకలు ఎవరివి అన్న సంగతి లాభాల్లో వేయాలో నష్టాల్లో వేయాలో తేలక వదిలేశారు.

చివరికి తీర్మానం సిద్ధమైంది. ప్రతి పిట్టా తన రొమ్ము మీది నూగు ఈకలు ఒక బుట్టెడు, స్వచ్ఛందంగా, తప్పనిసరిగా ఇవ్వాలని.

నూకాలు అప్పటికే తన రొమ్ము మీది నూగంతా పీకి గూట్లో పరుచుకుంది. దాని మీద తొమ్మిది గుడ్లున్నాయి. తను మేతకు దిగినప్పుడు వాటిని వెచ్చగా ఉంచేది ఆ నూగే. సోమలింగం గూళ్ళు చూడటానికి వచ్చి అది చూసి ముచ్చటపడ్డాడు. పీకే శ్రమ కూడా లేదు, ముందు ఇక్కడే మొదలుపెడదామన్నాడు.

"తొమ్మిది రోజులు ఆగండి బాబూ," అంది నూకాలు. "పిల్లలు బయటపడ్డాక గూడంతా పట్టుకుపోండి. ఇప్పుడు తీస్తే గుడ్లు చల్లబడిపోతాయి."

"నాదేముంది నూకాలమ్మా," అన్నాడు సోమలింగం. "రేపు సభలో అధ్యక్షులవారు పంజా ఎత్తితే తీర్మానమైపోతుంది. ఆ తర్వాత నేను రాకపోతే నా తప్పవుతుంది."

మర్నాడు సభ కూడింది. అప్పలస్వామి దిండును చంకలో పెట్టుకుని వచ్చాడు. దాని గుణాలు వివరంగా చెప్పి, అందరూ సరే అన్నాక పంజా ఎత్తబోయాడు. అంతలో గట్టిగా ఒక్క తుమ్ము తుమ్మాడు.

"చిరంజీవ," అన్నారు సభ్యులు.

తాబేలు తాత మెడ బయట పెట్టాడు. "ఒంటి తుమ్ము. కూర్చుని కాసిని నీళ్ళు తాగండి. ఈ పూటకి ఆ పని తలపెట్టకూడదు."

ఆ అడవిలో పులినైనా ఎదిరిస్తారు గాని ఒంటి తుమ్మును ఎదిరించరు. అందరూ నీళ్ళు తాగి ఇళ్ళకు పోయారు. రెండో రోజూ అంతే. దిండును ఇంట్లో వదిలి రమ్మని సోమలింగం చెవిలో చెప్పాడు. ఆయన వదిలే వచ్చాడు గాని, దాని మీదే పడుకుని లేచిన మనిషాయె, నూగంతా మీసాల్లోనే ఉంది. పంజా లేచే సమయానికి ముక్కు ఎగబీల్చడం, తుమ్మడం.

చెరువు గట్టున నూకాలు ఆ తుమ్ములు వింటూ గుడ్ల మీద కదలకుండా కూర్చుంది. మేతకు కూడా సరిగా దిగలేదు.

మూడో రోజు సోమలింగానికి ఒక ఉపాయం తట్టింది. ఒంటి తుమ్ము చెడుగాని జంట తుమ్ము మంచిదే కదా. అధ్యక్షుడు ఒకటి తుమ్మగానే ఒక ఈకను ఆయన ముక్కు దగ్గర ఆడించాడు. రెండోది వచ్చింది. ఇంకేం, తీర్మానమే అనుకుంటుండగా మూడోదీ వచ్చింది.

అందరూ తాబేలు తాత వైపు తిరిగారు.

"మూడింటికి శాస్త్రం ఏమంటుందో నాకు తెలియదు," అన్నాడు తాబేలు తాత. "అవతలి కొండ కింద మా పెద్దమ్మ ఉంది. ఆమెకు తెలుస్తుంది. అడిగొస్తాను."

కుందేలును పంపుదామన్నాడు సోమలింగం. పరుగెత్తి తెచ్చిన శకునం పనికిరాదన్నాడు తాత. ఆయన పోవడానికి మూడు రోజులు, రావడానికి మూడు రోజులు పట్టింది. కావాలనే మెల్లిగా నడిచాడని కొందరంటారు. తాబేలు కావాలని మెల్లిగా నడవడమేమిటో వాళ్ళే చెప్పాలి.

వచ్చి తీర్పు చెప్పాడు. రెండు మంచివి, మిగిలింది ఒక చెడు. చెడు పోగా మంచి మిగిలింది కాబట్టి కానివ్వండి అన్నాడు. అప్పలస్వామి ముక్కు మూసుకుని పంజా ఎత్తాడు. తీర్మానం నెగ్గింది. అడవిపంది చప్పట్లు కొట్టింది.

సోమలింగం బుట్ట పట్టుకుని చెరువుకు పరుగెత్తాడు. తొమ్మిది పిల్లలు అమ్మ వెనకాల వరసగా ఈదుతున్నాయి.

"తీసుకుపోండి బాబూ, మాటిచ్చాను కదా," అంది నూకాలు.

అతను గూటిలో ఉన్నదున్నట్టు గోకి దిండు కుట్టించి అడవిపందికిచ్చాడు. అందులో నూగెంతో, పెంకులెంతో, పిల్లల రెట్టెంతో, పిట్టపేలెన్నో ఎవరూ చూడలేదు. రెండు రోజులకల్లా సభంతా ఒకళ్ళనొకళ్ళు గోక్కుంటూ కూర్చుంది. ఇంకో దిండు కావాలని మళ్ళీ ఎవరూ అడగలేదు. తీర్మానం మాత్రం ఇప్పటికీ అమల్లోనే ఉంది.

నీతి: గూడు నిలబడేది న్యాయం వల్ల కాదు, సమయానికి వచ్చిన తుమ్ము వల్ల.

అమ్మాయీ సుందరీ, అచ్చుకిచ్చే ముందు పేర్లు ఒకసారి సరిచూడు. నక్కకు పెట్టిన పేరు మన చుట్టాల్లో ఎవరిదైనా అయితే మార్చెయ్యి, ఎలుగుబంటిది మాత్రం ఎవరిదైనా సరే ఉండనీ.