మైనస్ లేని లెక్కల పుస్తకం

లెక్కల పుస్తకంలోంచి మైనస్ గుర్తుని సమూలంగా తొలగించిన మొట్టమొదటి మనిషిని నేనే. ఇంతవరకూ ఒక్కరైనా పిలిచి చప్పట్లు కొట్టారా? కొట్టలేదు!

నన్ను పొగడాలంటే మీకు కొంత సమాచారం కావాలి కదా, నేనే చెబుతాను. నేను పేజీలు కూర్చేవాణ్ణి. ఎవరో రాసినది తీసుకుని, కంప్యూటర్లో పొందిగ్గా పేర్చి, ప్రెస్సుకి పంపుతాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. అందులో సగం లెక్కల పుస్తకాలే.

ఈ పనికి వాడే సాఫ్ట్‌వేర్‌లో పాతకాలపు పద్ధతి ఒకటుంది. మాటలకి ఒక ఫాంటు, లెక్కలకి ఇంకో ఫాంటు. ఎందుకండీ ఈ పక్షపాతం? ఒకే పేజీలో కాపురం ఉంటున్నవాళ్ళకి రెండు రకాల బట్టలా? మాటలేమో గుండ్రంగా, నిండుగా, కడుపునిండా తిన్నట్టుంటాయి. పక్కనే లెక్క సన్నగా, వంగిపోయి, జ్వరం పడి లేచినట్టుంటుంది. చూసినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమనేది.

లెక్కలకీ మాటల ఫాంటే పెట్టేస్తే? ఒక్క లైను మారిస్తే చాలు, పుస్తకమంతా ఒకే ఇంటి పిల్లల్లా కళకళలాడుతుంది! అలా చెయ్యకూడదని మాన్యువల్లో ఎక్కడో రాశారట. మాన్యువల్ చదివి పనిచేసేవాడు ఇరవై రెండేళ్ళ అనుభవజ్ఞుడెలా అవుతాడు?

ఇక మా అక్క సంగతి. ఆమె లెక్కల టీచరు. ముప్ఫై ఒక్కేళ్ళ సర్వీసు. స్కూల్లో ఇచ్చే పుస్తకం ఆమెకి ఏనాడూ నచ్చలేదు. అందులో లెక్కలు చేస్తుంటే పిల్లలు ఆవలిస్తారంటుంది. అందుకని తనే లెక్కలు అల్లుకుని నోటుపుస్తకాల్లో రాసుకునేది. అలా పద్నాలుగు నోటుపుస్తకాలు నిండాయి. రిటైరయ్యే ఏడు హెడ్‌మాస్టరు కాస్త మెత్తబడి, "సరే, ఆరో తరగతి నాలుగు సెక్షన్లకీ ఈ టర్మ్ మీ పుస్తకమే పెట్టి చూద్దాం. ఫిర్యాదులొస్తే మాత్రం మళ్ళీ పాత పుస్తకమే" అన్నాడు.

అక్క నోటుపుస్తకాల సంచీతో నేరుగా నా దగ్గరికొచ్చింది. ఆ ముఖంలో వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

"నీ చేతిలో పెడుతున్నానురా, జాగ్రత్త" అంది.

జాగ్రత్తగానే చేశాను. పాత పద్ధతిలోనే, రెండు ఫాంటులతో. అక్క ప్రూఫులు పట్టుకెళ్ళి ఒక్కో లెక్కా చేసి చూసుకుని, ప్రతి పేజీ కిందా సంతకం పెట్టి తెచ్చింది. మా వృత్తిలో ఒక నియమం ఉంది. సంతకం పడ్డాక పేజీని ముట్టుకోకూడదు. కామా కూడా కదపకూడదు.

కామా నేను కదపలేదు. ఫాంటు మార్చానంతే!

అదీ అక్క మీద ప్రేమతోనే. ముప్ఫై ఒక్కేళ్ళ కష్టం జ్వరం పడి లేచినట్టు కనిపించాలా? ఆ ఒక్క లైనూ మార్చి, పేజీలు చూసుకుని మురిసిపోయాను. సాఫ్ట్‌వేర్ ఓ పక్కన హెచ్చరికల చిట్టా ఒకటి తెరిచింది. పదకొండు వందల చిల్లర లైన్లు. ఎర్రరంగులో లేదు కదా అని మూసేశాను. ఎర్రగా లేని హెచ్చరికని చదవడం మా ఇంటా వంటా లేదు.

ఇంతకీ ఆ చిట్టాలో ఏముందో తర్వాత తెలిసింది. నేను మనసుపడ్డ ఫాంటులో అక్షరాలున్నాయి, అంకెలున్నాయి, ప్లస్ ఉంది, సమానం గుర్తూ ఉంది. మైనస్ లేదు. మాటలు రాసుకునే ఫాంటుకి మైనస్‌తో పనేముంది? ఆ గుర్తు వచ్చిన చోటల్లా సాఫ్ట్‌వేర్ మర్యాదగా ఖాళీ వదిలేసి ముందుకెళ్ళిపోయింది. పదకొండు వందల చిల్లర చోట్ల!

పుస్తకాలు అచ్చయి, కట్టలు కట్టలుగా నేరుగా క్లాసుకే చేరాయి.

ఇప్పుడు మీరే చెప్పండి, ఇది వరం కాదా? అక్క రాసిన లెక్కలో ఒక గజ ఈతగాడు మైనస్ పన్నెండు మీటర్ల దగ్గర, అంటే నీళ్ళ అడుగున, ఊపిరి బిగబట్టుకుని ఉంటాడు. నా పుస్తకంలో వాడు పన్నెండు మీటర్ల ఎత్తున గాల్లో హాయిగా తేలుతున్నాడు. ఎంత గండం తప్పింది! మైనస్ రెండో అంతస్తులో, ఆ చీకటి సెల్లారులో కారు పెట్టుకునే ఆవిడకి ఏకంగా రెండో అంతస్తు బాల్కనీలో చోటు దొరికింది. మైనస్ తొమ్మిది డిగ్రీల చలిలో గజగజ వణికే ఊరు ఊరంతా ఒక్క గీత పోయేసరికి పద్దెనిమిది డిగ్రీలు వెచ్చబడింది. కుర్చీలోంచి లేవకుండా ఇంత పని చేసిన ఇంజనీరు ఎవడైనా ఉన్నాడా?

పిల్లల ఆనందం చూడాలి! పదిహేను, తర్వాత కాస్త ఖాళీ, తర్వాత ఆరు. అంతే ఉంది లెక్క. ఒకమ్మాయి కూడింది. ఇంకొకమ్మాయి గుణించింది. వెనక బెంచీ మేధావి ఒకడు నూట యాభై ఆరు అని రాసేసి పెన్ను మూసేశాడు. ముగ్గురికీ మూడు జవాబులు, ఎవరిదీ తప్పు కాదు! ఇంతకన్నా ప్రజాస్వామ్యం ఏ క్లాసులో దొరుకుతుంది?

ప్రెస్సు యజమాని పుస్తకం చూసి "అచ్చు ఎంత ముచ్చటగా ఉందో" అన్నాడు. హెడ్‌మాస్టరు అట్ట నిమిరి, నాలుగు పేజీలు తిరగేసి, "బ్రహ్మాండం" అన్నాడు. అక్కకి తన లెక్కలు కంఠతా వచ్చు కాబట్టి పుస్తకం తెరవకుండానే "మొదటి పాతిక చేసుకురండి" అని ఇంటిపని ఇచ్చేసింది. పుస్తకాన్ని చదివినవాళ్ళు పిల్లలొక్కళ్ళే. అందుకే వాళ్ళకే కష్టమొచ్చింది.

మూడో రోజు పొద్దున్న తల్లిదండ్రులు వచ్చి హెడ్‌మాస్టరు బల్ల మీద పుస్తకాలు పరిచారు. అక్క ఫోను చేసి రమ్మంటే నేనూ వెళ్ళాను. ఒకాయన వేలు పెట్టి చూపిస్తూ, "ఏం టీచరండీ ఈవిడ? తీసివేతలు కూడా రావా?" అన్నాడు.

ముప్ఫై ఒక్కేళ్ళు చెప్పినావిడని!

నేను గొంతు సవరించుకుని, "అసలు ఆ ఫాంటులో..." అని మొదలుపెట్టాను. అక్క నన్ను చేత్తో ఆపింది.

"ప్రూఫు మీద సంతకం నాదండీ. తప్పు నాదే" అంది.

ఈ చోట ఒక జోకు వెయ్యాలని చాలాసేపు ప్రయత్నించాను. రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను, అంతే.

హెడ్‌మాస్టరు రెండు వారాలు గడువిచ్చాడు. ఈలోగా సరైన పుస్తకం రాకపోతే పాత పుస్తకమే. మెట్లు దిగుతూ, ఫాంటు సంగతంతా చెప్పి, అక్కని ఓదార్చబోయాను.

"ఒక్క లైనే అక్కా. వెనక్కి మార్చేస్తే ఐదు నిమిషాల్లో అయిపోతుంది."

"మార్చు. మార్చాక ప్రతి లెక్కా నువ్వు చెయ్యాలి. జవాబు సరిపోతేనే ఆ పేజీ ప్రెస్సుకి వెళ్ళాలి."

"లెక్కలా? నేనా?"

అక్క మెట్టు మీదే ఆగింది. "ఇప్పటిదాకా ఎన్ని లెక్కల పుస్తకాలు కూర్చి ఉంటావురా?"

"నూట ముప్ఫై దాకా ఉంటాయి."

"వాటిల్లో ఎన్ని లెక్కలు చేశావు?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి కాగితం, పెన్ను అక్కర్లేకపోయింది.

అందుకే పాఠకులారా, నా మాట వినండి. లెక్కలకి మాటల ఫాంటే వాడండి! సరైన ఫాంటు వాడినన్నాళ్ళూ ఎంత సుఖంగా బతికాను! నూట ముప్ఫై పుస్తకాలు నా చేతుల మీదుగా పోయాయి. నేను అందులో ఒక్క ముక్క చదవడం లేదని ఒక్కరికైనా అనుమానం వచ్చిందా? ఆ మైనస్ లేని ఫాంటు ఒక్కటే నన్ను మూడు రోజుల్లో పట్టించింది. మరి అది వరం కాక ఏమిటి?

ప్రస్తుతం నలభై మూడో పేజీలో ఉన్నాను. గడువుకి ఇంకా ఐదు రోజులున్నాయి. నిన్న మధ్యాహ్నం ఒకచోట చిక్కుపడి అక్కకి ఫోను చేశాను.

"అక్కా, ఏడో లెక్క జవాబు తప్పు వేశావు. నాకు నాలుగొస్తోంది. వెనక మైనస్ నాలుగు అని ఉంది."

"మళ్ళీ ఫాంటు కెలికావా?"

"లేదక్కా, ఒట్టు."

"అయితే మళ్ళీ చెయ్యి" అని పెట్టేసింది.

మళ్ళీ చేశాను. మూడో లైన్లో ఒక మైనస్ ఎగిరిపోయింది. ఈసారి ఫాంటు మీదకి తోసెయ్యడానికి లేదు, అది నా చేతిరాత!