నలభై యంత్రాల గది

ఆ పొద్దున తనిఖీ అధికారి వేసుకున్న పథకం చాలా చిన్నది. రిజిస్టరులో ఉన్న నలభై యంత్రాలూ లెక్కపెట్టి, ఒక్కోదానికి స్టిక్కరు అంటించి, భోజనాల వేళకు ఇల్లు చేరడం. అనుమానం ఎక్కువని ఆఫీసుల్లో ఆయనకు భూతద్దం అని పేరు. అయినా నిరుడు లేని కుర్చీలు రెండు ఉన్నట్టు సంతకం పెట్టి చీవాట్లు తిన్నాడు. మరోసారి ఇలా జరిగితే ఉద్యోగం ఊడుతుందని కాగితం మీదే రాసిచ్చారు. "ఈసారైనా కళ్ళు తెరిచి సంతకం పెట్టండి," అంది భార్య, గుమ్మం దాకా వచ్చి మరీ.

తీరా వెళ్తే, యంత్రాల గదిలో నల్ల బీరువాలాంటిది ఒక్కటే ఉంది.

"మిగతా ముప్పై తొమ్మిదీ ఏవమ్మా?" అన్నాడు ఇన్‌చార్జితో, ఆమె సంచీ వైపు ఓ కంట చూస్తూ.

"ఇది మెయిన్‌ఫ్రేమ్ సార్, బాగా పెద్ద కంప్యూటరు. శాఖకొకటి కొనే బదులు పెద్దది ఒక్కటే కొన్నాం. లోపల నలభైగా విడిపోయి పనిచేస్తుంది. ప్రతిదీ తాను వేరే యంత్రాన్నే అనుకుంటుంది."

"అనుకుంటే సరిపోతుందా? నేను మేనేజర్ననుకుంటే ఆ కుర్చీలో కూర్చోనిస్తారా?"

ఆమె తెర మీద నలభై పేర్లు చూపించింది. పేర్లు ఎవరైనా రాస్తారన్నాడు. నమ్మకం కలిగిద్దామని పాపం ఆమె రెండు నిమిషాల్లో తెర మీదే నలభై ఒకటో యంత్రం తయారుచేసింది. ఆయన గబగబా రిజిస్టరు తిరగేశాడు.

"ఇదెక్కణ్ణుంచి తెచ్చావ్?"

"ఊరికే చూపిద్దామని సార్. ఇదిగో, తీసేస్తున్నా."

"నా కళ్ళెదుటే సాక్ష్యం మాయం చేస్తావా!"

ఇక ఆయన్ని పట్టడం ఎవరి తరం కాలేదు. గేటు మూయించాడు. అందరి సంచులూ, అన్నం డబ్బాలతో సహా, వెతికించాడు. విసిగిపోయిన మేనేజరు ఇన్‌చార్జి చెవిలో ఏదో ఊదాడు. అరగంటలో దుమ్ము కొట్టుకుపోయిన పాత కంప్యూటర్లు నలభై వచ్చి గదిలో వరసగా కూర్చున్నాయి.

"స్టోర్‌రూములో ఉన్నాయి సార్," అంది ఆమె నేల చూపులు చూస్తూ.

"దాచారని నాకు ముందే తెలుసు!"

ఆనందం పట్టలేక నలభై స్టిక్కర్లూ అంటించి, నలభై ఉన్నాయని కాగితం మీద సంతకం గీకాడు. అప్పుడు చూపు నల్ల బీరువా మీద పడింది. లెక్క సరిపోయింది కదా, మరి ఇదెవరిది? రిజిస్టరుకెక్కని సొత్తు! ఆమె అడ్డం వచ్చేలోపే స్విచ్చి ఆపేశాడు.

నలభై శాఖల్లోనూ పని ఒక్కసారిగా ఆగిపోయింది. మేనేజరు రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు.

"నలభై యంత్రాలు ఆపేశారు కదయ్యా! ఇప్పుడే పైకి ఫిర్యాదు రాస్తాను!"

"ఒక్కటే కదండీ ఆపింది..." చేతులు జోడించాడు భూతద్దం. "నా ఉద్యోగం పోతుంది సార్. మీరేం చెబితే అది చేస్తాను."

"అయితే ఈ బీరువాలో నలభై యంత్రాలున్నాయని రాసి సంతకం పెట్టండి."

పెట్టాడు. ఈసారి లెక్కపెట్టలేదు. యంత్రం నడిచింది, ఫిర్యాదు ఆగింది, ఆయనకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

నెల తిరక్కుండా పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. నలభై ఉండాల్సిన గదిలో ఎనభై యంత్రాలు ఎలా తేలాయో, ఎక్కువైన నలభై ఎక్కణ్ణుంచి వచ్చాయో మూడు రోజుల్లో చెప్పాలట. రెండు కాగితాల మీదా సంతకం ఒకరిదే కావడంతో, వాళ్ళకు ఇంకెవరినీ అనుమానించే శ్రమ లేకపోయింది.