వారానికి ఒక్క యూనిట్టు

నేను బళ్లో లెక్కల మేష్టారిని. మా ఆవిడ రూతమ్మ దగ్గర మాత్రం నా లెక్క ఒక్కసారైనా కుదరలేదు. ఫ్యాను సంగతే వినండి.

అరవై మూడో సంవత్సరం వేసవి. నరసరావుపేటలో గోడ ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటోంది. అలీ సాహెబ్ కొట్లో టేబుల్ ఫ్యాను చూసి మనసు పారేసుకున్నాను. నచ్చకపోతే పదిహేను రోజుల్లో వాపసు తీసుకుంటానన్నాడాయన. మోసుకొచ్చాను.

"వట్టివేళ్ల తడిక ఉండగా ఇదేందండీ? కరెంటు ఊరికే వస్తదా?" అంది రూతమ్మ.

"తడిక మీద పోసే నీళ్లు ఊరికే వస్తున్నాయా? నీళ్లు మోసే దేవానందం కావిడికి పది నయాపైసలు తీసుకుంటున్నాడు. ఓ వారం ఇది, ఓ వారం అది. ఫ్యాను చవకైతే ముందు గదిలో ఉంటది. లేకపోతే వాపసు."

"సరే కానీండి."

మొదటి వారం ఫ్యానుది. మీటరులో చక్రం తిరుగుతుంటే నా గుండె దానితోపాటు తిరిగేది. రూతమ్మ వంటింట్లోకి వెళ్తే స్విచ్చి తీసేవాణ్ణి, గాజుల చప్పుడు వినపడితే వేసేవాణ్ణి. ఒళ్లంతా చెమటకాయలు. వారానికి కాలింది ఒక్క యూనిట్టు, పావలా.

రెండో వారం తడికది. ఫ్యాను గెలుపు గట్టిగా ఉండాలని, ఆవిడ అటు తిరగ్గానే తడిక మీద బిందెల కొద్దీ నీళ్లు గుమ్మరించాను. గది ఎంత చల్లబడిందంటే, బుధవారం కునుకు తీస్తూ ప్రార్థన కూటానికి వెళ్లడం మరిచిపోయాను. దేవానందం ఇరవై కావిళ్లు పోశాడు. రెండు రూపాయలు.

"ఫ్యానే గెలిచింది," అన్నాను ఆనందం పట్టలేక.

"గెలిచింది. ఉండనీండి," అంది రూతమ్మ. గొడవ పడకపోయేసరికి నాకు భయమేసింది. "కాకపోతే గెలిచిన లెక్కనే, వారానికి ఒక్క యూనిట్టే తిప్పాల. యూనిట్టుకి పది గంటలని అలీ సాహెబే చెప్పె. అంటే రోజుకి గంటన్నర. మేష్టారి పెళ్లాన్ని, ఆ మాత్రం లెక్క నాకూ వచ్చు."

తడికను తీసుకెళ్లి వంటింటి కిటికీకి కట్టించుకుంది.

మర్నాడు మధ్యాహ్నానికల్లా నా గంటన్నర అయిపోయింది. ఆగిపోయిన ఫ్యాను ముందు కాసేపు బింకంగా కూర్చున్నాను. తర్వాత పీట పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లాను.

"ఏమే, కాస్త జరుగుతావా?"

రూతమ్మ నవ్వుతూ జరిగి, బిందె నా చేతికిచ్చింది.

"ఆ తడిక మీద మీరే పోయండి. వారమంతా పోసి పోసి మీ చెయ్యి తిరిగింది."