రేపు పదింటికి అందరికీ కేకు

గురువారం పొద్దున్న ఆస్గెర్ పెట్టుకున్న పని ఒక్కటే: తాను రాస్తున్న చిట్కాల పుస్తకంలో చివరి పేజీ పూర్తి చెయ్యడం. వానలో సైకిలు తొక్కుకుంటూ ఏడున్నరకే ఆఫీసు చేరాడు, తడిసిన కోటు రేడియేటరు మీద ఆరేశాడు, కప్పులో కాఫీ పోసుకున్నాడు. రేవు పక్కన పాత చేపల గిడ్డంగే వాళ్ల ఆఫీసు. అక్కడ పద్నాలుగు మంది కూర్చుని, గ్రోహోల్మ్ దీవికి తిరిగే ఫెర్రీకి టికెట్ల ప్రోగ్రాం నడుపుతుంటారు. మౌసు ముట్టకుండా, నల్లటి టెర్మినల్‌లో కమాండ్లు టైపు చేసి సమస్తం చక్కబెట్టేవాడు వాళ్లలో ఆస్గెర్ ఒక్కడే. ముప్పై ఏళ్లలో ఒక్క తప్పుడు కమాండ్ కొట్టలేదని అతనికి మహా గొప్ప. ఆ సంగతి అడిగినవాళ్లకూ చెప్తాడు, అడగనివాళ్లకు ఇంకాస్త వివరంగా చెప్తాడు.

కొత్త మేనేజరు వీబెకెకు ఈ గొప్ప అంతగా ఎక్కలేదు. ఫెర్రీ సర్వర్లను తెరిచే తాళంచెవులు రెండున్నాయి. బొటనవేలంత ఉంటాయి, కంప్యూటరుకు గుచ్చితే గానీ సర్వర్లు మాట వినవు. ఒకటి మేనేజరు దగ్గర, ఒకటి ఆస్గెర్ జేబులో. దాన్ని ఆస్గెర్ దగ్గరే ఉంచాలా, తీసుకుని బీరువాలో పెట్టాలా అన్నది శుక్రవారం ఒంటిగంట మీటింగులో తేలిపోతుంది. బీరువాలోకి వెళ్లిందంటే ఇక ప్రతి చిన్న పనికీ ఫారం నింపి రెండేసి రోజులు కాచుకు కూర్చోవాలి. ఆ మాట తలుచుకుంటేనే అతనికి అన్నహితవు పోయేది. అందుకే ఈ పుస్తకం. కమాండ్లు కొట్టేటప్పుడు పాటించాల్సిన ముప్పై ఒక్క జాగ్రత్తలు అందులో రాశాడు. అవి చదివాక తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలో మేనేజరుకే తెలిసొస్తుందని అతని ఆశ.

ఎనిమిదింబావుకు వీబెకె కాఫీ కోసం లేచి వెళ్లింది. కంప్యూటరుకు తాళం వెయ్యకుండా వెళ్లింది. ఆ ఆఫీసులో అది నేరం, దానికి శిక్ష కూడా ఖాయమై ఉంది: అలా లేచిపోయినవాళ్ల పేరు మీద, వాళ్ల కంప్యూటరు నుంచే, "రేపు అందరికీ నా తరఫున కేకు" అని ఎవరో ఒకరు మెయిల్ కొట్టేస్తారు. మర్నాడు కేకు తేక తప్పదు. మామూలు మనిషి దొరికితేనే పండగ, మేనేజరు దొరకడమంటే మాటలా? ఆస్గెర్ అటూ ఇటూ చూసి ఆమె కుర్చీలో కూర్చున్నాడు.

తెర మీద ఎడమ పక్క మెయిల్ ప్రోగ్రాం తెరిచే ఉంది. చిన్నపిల్లాడైనా అందులోనే రాసేవాడు. అయితే కుడి పక్క టెర్మినల్ కూడా తెరిచి ఉంది, అది కనబడ్డాక ఆస్గెర్ చేతులు ఇంకెక్కడికీ పోవు. ఒకే ఒక్క వరుసలో కమాండ్ టైపు చేశాడు. "రేపు పదింటికి అందరికీ నా తరఫున కేకు. వీబెకె." ఎవరికి పంపాలి అన్నచోట "అందరూ" అన్న జాబితా పేరు ఇచ్చి, ముసిముసిగా నవ్వుకుంటూ ఎంటర్ నొక్కాడు.

పద్నాలుగు మందికి మెయిల్ పోవడానికి రెప్పపాటు చాలు. రెప్పపాటు అయింది, పది సెకన్లు అయ్యాయి, ఇరవై అయ్యాయి, కమాండ్ ఇంకా నడుస్తూనే ఉంది. అప్పుడు చూశాడు ఆస్గెర్, వరుస మొదట్లో ఏ మెషీన్ పేరుందో. అది ఆఫీసు కంప్యూటరు కాదు, ఫెర్రీ సర్వర్. మీటింగు కోసం వీబెకె అందులో ప్రయాణికుల లెక్కలు చూసుకుంటూ, తాళంచెవి గుచ్చినదాన్ని గుచ్చినట్టే వదిలి మధ్యలో లేచి వెళ్లింది. ఆఫీసు మెషీన్‌లో "అందరూ" అంటే పద్నాలుగు మంది. ఫెర్రీ సర్వర్‌లో "అందరూ" అంటే ఇన్నేళ్లలో టికెట్ కొన్న ఆరువేల పైచిలుకు జనం. రెండు జాబితాలకూ ఒకే పేరు పెట్టిన మహానుభావుడు కూడా ఆస్గెరే. ఎంటర్ నొక్కే ముందు ఏ మెషీన్ మీద ఉన్నావో చూసుకోమన్నది అతని పుస్తకంలో మొదటి చిట్కా.

కంట్రోల్ సి నొక్కి ఆపాడు. జాబితాలో పేర్లు ఇంగ్లీషు అక్షరాల వరుసలో ఉంటాయి గనుక ఎ నుంచి జె దాకా మెయిల్ వెళ్లిపోయింది, కె నుంచి మిగతావాళ్లు తప్పించుకున్నారు. వీబెకె చెప్పుల చప్పుడు వినబడి, ఆమె వచ్చేలోపు తన కుర్చీలోకి వచ్చి పడ్డాడు.

ఇక ఉన్నది ఒకటే దారి, మెయిల్ అందినవాళ్లకు మాత్రం క్షమాపణ పంపడం. అందినవాళ్లను ఏరాలంటే కమాండ్ కావాలి. అలాంటిదే పోయినవారం వాడినట్టు గుర్తొచ్చి, పై బాణం మీట నొక్కుతూ దాన్ని వెనక్కి తెచ్చుకున్నాడు, సరిగ్గా చదవకుండానే కొట్టాడు. పాత కమాండ్‌ను చదవకుండా మళ్లీ కొట్టొద్దన్నది పదిహేడో చిట్కా. పదిమందికి పంపేది ముందు ఒక్కడికి పంపి చూడమన్నది నాలుగోది. పోయినవారం అతను ఏరింది మెయిల్ అందనివాళ్లను. కాబట్టి "కేకు విషయం పొరపాటు, మీకు కేకు లేదు, క్షమించండి" అన్న మెయిల్, కేకు సంగతే తెలియని మిగతా సగానికి భద్రంగా చేరింది. కేకుకు రమ్మన్నవాళ్లు రావడానికి సిద్ధపడుతూనే ఉన్నారు.

తొమ్మిదింటికి ఫెర్రీ కంపెనీ నుంచి ప్రీబెన్ ఫోను చేశాడు. ఫెర్రీ మంచిచెడ్డలన్నీ చూసే పెద్దమనిషి అతనే.

"ఏంటయ్యా ఆస్గెర్ ఈ కేకు గోల? స్వెండ్ అని ఒకాయన కౌంటరు వదిలి కదలట్లేదు. వాళ్లావిడ ఇంగెర్‌నేమో కేకుకి రమ్మన్నారంట, ఆయనకేమో నీకు లేదు పొమ్మన్నారంట. ముప్పై ఏళ్ల నుంచి ఇదే ఫెర్రీ ఎక్కుతున్నా, నేనేం పాపం చేశానంటాడు."

సర్వరుకు కాస్త నలతగా ఉందని ఆస్గెర్ గొణిగాడు.

"నలతే అయితే తగ్గనివ్వకు. రేపు పదింటి ఫెర్రీకి టికెట్లు చూశావా? నవంబరులో పందొమ్మిది మంది, ఒక పాల వ్యాను ఎక్కితే గొప్ప. ఇప్పటికే రెండొందలు దాటింది. ఇంత తెలివి మీ కొత్త మేనేజరుదేనా?"

మెయిల్ ఫెర్రీ సర్వర్ నుంచి వచ్చింది గనుక కేకు పదింటి ఫెర్రీలోనే అనుకుని పిలుపు అందినవాళ్లు కొన్నారు. పిలవనివాళ్లు పంతం కొద్దీ కొన్నారు. మధ్యాహ్నానికి ఫెర్రీలో ఉన్న మూడువందల నలభై సీట్లూ నిండిపోయాయి. ఆస్గెర్ రై రొట్టె మీద లివర్ ముద్ద రాసుకుని, కొరకకుండా అలాగే చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు వచ్చింది వీబెకె.

"నా పేరు మీద కేకు మెయిల్ వెళ్లిందంటగా?"

"అవునంట," అన్నాడు ఆస్గెర్, రొట్టెతో చెప్తున్నట్టు.

"ఎలా వెళ్లుంటుందంటావ్?"

"చూస్తా."

"చూడు. రేపు ఒంటిగంట దాకా టైముంది," అని వెళ్లిపోయింది. వెళ్లి బేకరీలకు ఒకదాని తర్వాత ఒకటి ఫోన్లు చెయ్యడం గోడ ఇవతలికి వినబడుతూనే ఉంది. కొబ్బరి పూత కేకులు మీ దగ్గర ఎన్నుంటే అన్నీ కావాలంటోంది. ఒక్కో ఫోనుకూ ఆస్గెర్‌కు సిగ్గు పెరుగుతూ పోయింది. తప్పు తనది, పరుగులు ఆమెవి. నోరు తెరిచి చెప్పేస్తే తాళంచెవి బీరువా పాలు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు.

శుక్రవారం పదింటికి రేవులో గొడుగుల బారు గిడ్డంగి దాకా వచ్చింది. పద్నాలుగు మందీ ఏప్రన్లు కట్టుకుని ఫెర్రీ ఎక్కి కేకులు కోశారు. ఆస్గెర్ తలెత్తకుండా ట్రేలు మోశాడు. స్వెండ్ రెండు ముక్కలు తీసుకుని, ఒకటి నిన్నటి అవమానానికి అన్నాడు. చలికాలమంతా మూసి ఉండే దీవి హోటలు తలుపులు తీసింది. వచ్చినవాళ్లందరూ వీబెకె చెయ్యి పట్టుకుని ఊపి మరీ అభినందించి వెళ్లారు. ఆమె ఔననలేదు, కాదనలేదు.

ఒంటిగంట మీటింగుకు ప్రీబెన్ కూడా వచ్చి కూర్చున్నాడు. సగం ఊరిని పిలిచి సగం ఊరిని పొమ్మనడం, దాంతో ఊరంతా అదే మాట చెప్పుకోవడం ఎంత గొప్ప ఆలోచనో అతను పావుగంట వర్ణించాడు. అందరూ మేనేజరు వైపు చూశారు. మేనేజరు ఆస్గెర్ వైపు చూసింది. ఊరుకుంటే గండం గడిచిపోతుందని అతనికి తెలుసు. అయినా ఊరుకోవడం అతని వల్ల కాలేదు. లేచి నిలబడ్డాడు.

"ఆ మెయిల్ కొట్టింది నేను. వీబెకె కంప్యూటర్లోంచి. ఏ మెషీన్ మీదున్నానో చూసుకోలేదు. తర్వాత క్షమాపణ కూడా తప్పు మనుషులకి పంపా." తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. ముప్పై ఏళ్లుగా జేబులో ఉన్న బరువు పోయి, ఆ చోటు చల్లగా అనిపించింది.

"నాకు నిన్న తొమ్మిదింటికే తెలుసు," అంది వీబెకె. "పక్కన మెయిల్ తెరిచి పెట్టుంటే టెర్మినల్లో ఉత్తరం రాసే మనిషి ఈ రేవులో ఇంకెవరున్నారు?"

"మరి అడగలేదేం?"

"చెప్తావో లేదో చూద్దామని. చెప్పకపోతే అది ఈపాటికి బీరువాలో ఉండేది." తాళంచెవిని ఒక వేలితో అతని వైపు నెట్టింది. "ముప్పై ఏళ్లలో తప్పే చెయ్యలేదనేవాడి చేతిలో తాళంచెవి అంటే నాకు భయం ఆస్గెర్. చేసి ఒప్పుకునేవాడైతే నిద్ర పడుతుంది." తర్వాత తన తాళంచెవిని మెళ్లోంచి తీసి బీరువాలో పెట్టేసింది. కంప్యూటరు బార్లా తెరిచి కాఫీకి పోయింది తానే గదా అంది.

ఆస్గెర్ తాళంచెవిని జేబులో వేసుకుని, రెండుసార్లు తడిమి చూసుకున్నాడు. ప్రీబెన్ మాత్రం ఇంకా సంగతి అరిగించుకునే పనిలోనే ఉన్నాడు.

"అంటే ఇది కావాలని చేసింది కాదా?" అన్నాడు. "పోనీ, మళ్లీ చెయ్యగలరా?"

వారం తిరక్కుండానే ఫెర్రీ కంపెనీ కొత్త ఒప్పందం పంపింది. అందులో ఏడో నిబంధన: పొరపాటు, నెలకు ఒకటి, బాధ్యుడు ఆస్గెర్.